రాళ్ల వరుసకు గుల్లల సాక్ష్యము

రాతి రంగును జూచి దాని వయస్సు నిర్ణయింపరాదు. రెండు తావులలో ఒకేవిధమైన నల్లని బంకమన్ను కనబడవచ్చును. వాని నడుమ కోట్ల సంవత్సరముల అంతరము ఉండవచ్చును. ఈ చిక్కును విప్పినవారిలో ముఖ్యుడు విశ్వవిద్యాలయ పండితుడు కాడు. ఇంగ్లండులో ఒక కమ్మరి కుమారుడు, విలియం స్మిత్.

ఇతడు 1769లో ఆక్స్‌ఫర్డ్‌షైరులోని చర్చిల్ గ్రామమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. ఆ ప్రాంతమున వెన్న తూచుటకు స్త్రీలు పొలములలో దొరకు గుండ్రని రాయిని పడికట్టు రాయిగా వాడెడివారు. నిజమునకు అది రాయిగా మారిన ఒక సముద్రజీవి పెంకు. అట్టి శిలాజపు గుల్లలతో పిల్లలు గోలీలాడెడివారు. శాస్త్రమునకు పనికివచ్చిన వస్తువులు అతనికి మొదట ఆటవస్తువులు!

స్మిత్ సర్వేయరై, సోమర్‌సెట్ గనుల బొగ్గును చేరవేయుటకై త్రవ్విన కాలువ పనిని 1799 వరకు చూచెను. నేలను చీల్చినకొలది పొరలు ఒకే క్రమమున కనబడుచుండెను. ప్రతి పొరలోను దాని గుల్లలు దానికే ప్రత్యేకములు. మైళ్ల దూరమున రంగు మారినను గుల్లలు అవియే యైనచో పొర అదియే. రంగు అదియే యైనను గుల్లలు వేరైనచో పొర వేరు. ఇట్లేల జరిగెనో అతడు వివరింపలేదు. జీవజాతుల పుట్టుకను గూర్చిన డార్విన్ గ్రంథము వెలువడినది 1859లో గదా!

దీని విలువ ధనరూపమున తెలియును. బొగ్గుపొరల నంటియుండు మట్టివంటి నల్లమట్టి కనబడగనే భూస్వాములు లోతుగా త్రవ్వించి నష్టపోవుచుండిరి. అందలి గుల్లలు బొగ్గు ఏర్పడిన కాలమునకు ఎంతో తరువాతివని గుర్తించినచో ఆ వ్యయము తప్పును. మన దేశమున గుల్లకు బదులు ఆకు సాక్షి యయ్యెను. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గుపొరలను దామోదర్ లోయ పొరలతో జతపరచుటకు నాలుకవంటి గ్లోసోప్టెరిస్ ఆకు ముద్రలు ఆధారమైనవి. ఆ ముద్రలే ఆస్ట్రేలియాలోను, దక్షిణాఫ్రికాలోను కలవు.

స్మిత్ 1815లో ఇంగ్లండు, వేల్సులకును, స్కాట్లండులో కొంత భాగమునకును రంగులతో శిలాపటమును ప్రకటించెను. కీర్తి రాలేదు, అప్పులు వచ్చినవి. తన శిలాజములను బ్రిటిష్ మ్యూజియమునకు అమ్మినను అవి తీరలేదు. 1819లో కొంతకాలము ఋణగ్రస్తుల చెరసాలలో ఉండెను. మరుసటి యేట, సంపన్నుల కూటమియైన లండను జియలాజికల్ సొసైటీ తన సొంత పటమును వెలువరించెను. ఆ సొసైటీయే 1831లో తన మొదటి వొలాస్టన్ పతకమును అతనికి ఇచ్చెను. అప్పటికతని వయస్సు 61.