గడపగడపకూ తూకం

తమిళనాడు సమగ్ర పోషకాహార పథకం 1980లో ప్రపంచ బ్యాంకు రుణంతో, మద్రాసు కేంద్రంగా నడిచే ప్రభుత్వం చేతుల మీదుగా మొదలైంది. తొలి అడుగు పడింది మాత్రం మదురై జిల్లా కొట్టాంపట్టి బ్లాకులో. 1970ల తొలినాళ్ల అధ్యయనం ఒక చేదు నిజం బయటపెట్టింది: తల్లిపాలు మాన్పించే వయసులోనే పిల్లలు ఎక్కువగా చిక్కిపోతున్నారు. బడి భోజనం అందని వయసది. బిడ్డను వెతుక్కుంటూ ఇంటికే వెళ్లాలి.

ఆ పని ఊరి స్త్రీలకే అప్పగించారు. పేదరికంలోనూ తన బిడ్డలను ఆరోగ్యంగా పెంచుకున్న తల్లిని వీలైనచోట కార్యకర్తగా ఎంచుకునేవారు. ఇరుగుపొరుగు ఆమె మాట వినడానికి అంతకు మించిన అర్హత ఏముంటుంది! 6 నుంచి 36 నెలల పిల్లలను ఆమె నెలనెలా తూచి, బరువును కార్డు మీద గీతగా తల్లికి చూపేది. ఎదుగుదల కుంటుపడినవారికే లడ్డు రూపంలో అదనపు ఆహారం. సుమారు 90 రోజుల్లో బరువు పుంజుకుంటే అది ఆగేది. ఆహారం అందరికీ కాదు, తూకం అందరికీ; తల్లులను పథకంతో కట్టి ఉంచింది ఆ నెలవారీ తూకమే. మహిళా బృందాలూ తోడ్పడ్డాయి.

పథకం పల్లెలకే పరిమితం. మద్రాసు నగరపు పేటల్లో ఆ బాధ్యత 1975 అక్టోబరు 2న దేశంలో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవలది. అక్కడ చిక్కు వేరు: కూలికి వెళ్లిన తల్లి పగలు ఇంట్లో దొరకదు. 1990లో మొదలైన పోషకాహార పథకం రెండో దశ 1997లో ముగిసింది. తర్వాత ఆ పథకపు పల్లె కేంద్రాలూ సమగ్ర శిశు అభివృద్ధి సేవల అంగన్‌వాడీ వ్యవస్థలో కలిశాయి.