మంచం మీద నుంచే కట్టించిన మేస్త్రీ!

ఇంగ్లాండ్‌లోని కాంటర్‌బరీ కథీడ్రల్‌లో గుండ్రటి ఆర్చిలూ, మొనదేలిన ఆర్చిలూ రెండూ కనిపిస్తాయి. ఎందుకలా?

1070లో ఆర్చిబిషప్ లాన్‌ఫ్రాంక్ రోమనెస్క్ పద్ధతిలో, అంటే గుండ్రటి ఆర్చిలు, మందపాటి గోడలతో కొత్త చర్చి మొదలుపెట్టాడు. తర్వాత తూర్పు భాగాన్ని బాగా పెంచి, 1130లో ప్రతిష్ఠ చేశారు. 1174 సెప్టెంబర్‌లో ఆ భాగమే కాలిపోయింది.

అప్పుడు ఫ్రాన్స్ నుంచి విలియం ఆఫ్ సాన్స్ అనే మేస్త్రీ వచ్చాడు. కాలిన స్తంభాలు కూల్చాల్సిందేనని అతనికి తెలుసు. కానీ సన్యాసులు తట్టుకోలేరని కొన్నాళ్లు చెప్పనేలేదు! ఈ సంగతి రాసిపెట్టింది అక్కడి సన్యాసి జెర్వేస్.

మెల్లగా ఒప్పించి, సముద్రం అవతల నుంచి ఓడల్లో రాయి తెప్పించాడు. పాత బయటి గోడల్ని చాలావరకు ఉంచేసి, వాటి మధ్యే గోథిక్ పద్ధతిలో మొనదేలిన ఆర్చిలు లేపాడు. అందుకే రెండూ కలిసి ఉన్నాయి.

1178లో పరంజా విరిగి దాదాపు 50 అడుగుల ఎత్తు నుంచి పడ్డాడు. అయినా కొన్నాళ్లు మంచం మీద నుంచే పని నడిపించాడు. ఇక లేవలేనని తెలిశాక ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. మిగతా పనిని ఇంగ్లాండ్‌కే చెందిన మరో విలియం 1184కల్లా పూర్తిచేశాడు.

నాకైతే ఆ మొదటి విలియమే గుర్తుండిపోయాడు. తను మొదలుపెట్టింది పూర్తవడం అతను చూడలేదు. మనం చూస్తున్నాం. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం!