33 పరుగుల కప్తాన్: మన విజ్జీ కథ



మొన్న ఇత్వార్ నాడు మా ఇంట్లో దస్తర్‌ఖాన్ ఎత్తేశాక కూడా ఎవరూ లేవలేదు. బహస్ అంత జోరుగా సాగింది. దాన్ని మొదలుపెట్టింది మా భతీజా. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. అమెరికా బేస్‌బాల్ లెక్కలు ఫోన్‌లో చూసే పిచ్చి ఈమధ్యే పట్టుకుంది. "ఆట సరిగా రాదు, అయినా ఏళ్ల తరబడి జట్టులోనే ఉన్నాడు. అలాంటివాళ్లలో అందరికన్నా నాసి ఎవరు?" అన్నది వాడి సవాల్.

జవాబు కూడా వాడి దగ్గరే ఉంది. బిల్ బెర్గెన్ అనే ఆయన 1901 నుంచి 1911 దాకా 11 సీజన్లు పెద్ద లీగులో ఆడాడట. బ్యాటింగ్ సగటు 0.170. అంటే వంద సార్లు ప్రయత్నిస్తే 17 సార్లు మాత్రమే బంతిని సరిగా కొట్టాడన్నమాట. అన్నిసార్లు బ్యాటింగ్‌కి దిగినవాళ్లలో ఇంతకన్నా తక్కువ ఎవరికీ లేదట. మరి ఎందుకు ఉంచుకున్నారు? ఆయన క్యాచర్. మన వికెట్‌కీపర్ లాంటి పని. అందులో మాత్రం ఉస్తాద్. పరుగు దొంగిలించబోయినవాణ్ణి కూర్చున్న చోటి నుంచే బంతి విసిరి అవుట్ చేసేవాడు.

"ఐతే మన క్రిస్ మార్టిన్ లాంటివాడు" అన్నారు చాచా. న్యూజిలాండ్ ఆటగాణ్ణి 'మన' అనేశారు, అభిమానం అలాంటిది. మార్టిన్ 71 టెస్టులు ఆడి చేసిన పరుగులు 123. తీసిన వికెట్లు 233. బ్యాట్ పట్టుకుని వస్తుంటే స్టేడియమంతా నవ్వేది. బంతి పట్టుకుంటే ఎదుటివాడికి నవ్వు రాదు.

అప్పటిదాకా పాన్ నములుతూ విన్న అబ్బా ఇలా అన్నారు: "వీళ్లిద్దరికీ ఒక హునర్ లేకపోతే మరో హునర్ ఉంది కదా, అది ఇన్సాఫే. హునర్ లేకుండా నలభై ఏళ్లు చలామణీ అయినవాడు కావాలంటే అమెరికా దాకా ఎందుకురా? కోట దాకా వెళ్లు చాలు."

చాచా ముఖం మాడిపోయింది. ఎందుకంటే చాచాకి విజ్జీ అంటే మొహబ్బత్. కుర్రతనంలో మన విజ్జీ స్టేడియంలో ఆయన ఆడినవారు.

తెలియని పిల్లల కోసం కొంచెం తారీఖ్ చెప్తాను. అసలు పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. 1905 డిసెంబర్ 28న పుట్టారు. మన సంస్థానం రాజాగారి రెండో కొడుకు. అందుకే గద్దె అన్నగారిది, ఈయన మహారాజ్‌కుమార్. అజ్మీర్ మేయో కాలేజీలో, తర్వాత ఇంగ్లండ్‌లో చదివారు. ఖాందాన్‌కి బెనారస్‌లో ఎస్టేటు ఉంది, అక్కడే స్థిరపడ్డారు. 1926లో సొంత జట్టు కట్టుకుని, మహల్ దగ్గరే మైదానం వేయించుకున్నారు. షౌక్ అంటే అదీ.

ఇక్కడ చాచా మాట కూడా వినాలి, లేకపోతే నాఇన్సాఫీ అవుతుంది. 1930లో దేశమంతా సత్యాగ్రహం నడుస్తుంటే ఇంగ్లండ్ జట్టు మన దేశానికి రావడం మానుకుంది. అప్పుడు విజ్జీ సొంత ఖర్చుతో జాక్ హాబ్స్‌నీ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నీ రప్పించి, ఇండియా, సిలోన్ అంతటా తన జట్టుతో ఆడించారు. ప్రపంచంలోనే పెద్ద ఓపెనింగ్ జోడీ అది. తర్వాత వెస్టిండీస్ నుంచి లియరీ కాన్‌స్టంటైన్ కూడా వచ్చాడు. "పైసా ఉన్న రాజులు ఎందరు లేరు? పోలో గుర్రాలకీ షికార్‌కీ తగలేశారు. ఈయన ఆటకు పెట్టారు. మన కుర్రాళ్లు హాబ్స్ పక్కన నిలబడి ఆట నేర్చుకున్నారు" అన్నారు చాచా. సబబే. షౌకీన్‌గా ఆగిపోయి ఉంటే ఈ రోజు మన ఊళ్లో ఆయన్ని నవాబుల్లో ఫయ్యాజ్ అనే చెప్పుకునేవాళ్లం.

కానీ ఆయనకు కప్తానీ కావాలి.

1932 ఇంగ్లండ్ సఫర్‌కి బోర్డుకు 50,000 రూపాయలు ఇచ్చారు. 'డెప్యూటీ వైస్ కెప్టెన్' అని ఆయన కోసమే ఒక పదవి పుట్టింది. తబియత్ బాగా లేదనీ ఫామ్ లేదనీ చెప్పి తానే తప్పుకున్నారు. ఆ ఏడు కప్తాన్ పోర్‌బందర్ మహారాజా. ఆ మహారాజాకి ఒక్క విషయం తెలుసు, తనకు ఆట రాదని. టెస్టు రోజున పక్కకు తప్పుకుని సి.కె. నాయుడికి పగ్గాలు ఇచ్చేశారు. నాయుడు, అంటే కొఠారి కనకయ్య నాయుడు, నాగ్‌పూర్‌లో పుట్టిన తెలుగు ఖాందాన్ మనిషి. ఇండియా మొదటి టెస్టు కప్తాన్ మన జబాన్ వాడే.

1936లో మళ్లీ ఇంగ్లండ్ సఫర్. కప్తాన్‌గా అనుకున్న నవాబ్ ఆఫ్ పటౌడీ ఇఫ్తిఖార్ అలీ ఖాన్ తప్పుకున్నారు. కాబిలియత్ చూస్తే నాయుడే. దౌలత్, దోస్తీ, సిఫారిష్ చూస్తే విజ్జీ. బోర్డు ఏది చూసిందో చెప్పక్కర్లేదు. ఇద్దరూ తెలుగువాళ్లే కాబట్టి, లండన్‌లో జరిగిన ఈ గొడవ ఒక రకంగా మన ఇంటి పంచాయితీ. కప్తాన్ సాబ్ 36 సామాన్లతో, ఇద్దరు నౌకర్లతో ఓడ ఎక్కారని చెబుతారు.

ఆ సఫర్‌లో పెద్ద కుర్బానీ లాలా అమర్‌నాథ్. ఇండియాకు మొదటి టెస్టు సెంచరీ కొట్టినవాడు. అప్పటికే ఆ టూర్లో 600 దాటి పరుగులు, 32 వికెట్లు ఉన్నాయి. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ జట్టుతో మ్యాచ్. ప్యాడ్లు కట్టుకుని కూర్చున్న అమర్‌నాథ్‌ను ఆపి, ఆపి, వేరేవాళ్లను పంపి, చివరికి ఆట ముగిసే వేళకు పంపారు. తిరిగొచ్చి ప్యాడ్లు విసిరికొట్టి, పంజాబీలో ఏదో గొణిగాడు. అంతే. మొదటి టెస్టుకు ముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. మళ్లీ ఆయన టెస్టు ఆడింది 1946లో. మధ్యలో జంగ్ వచ్చింది నిజమే. కానీ ఆ మూడు టెస్టులు అమర్‌నాథ్ దగ్గర నుంచి లాక్కున్నది జంగ్ కాదు.

లార్డ్స్ టెస్టులో అమర్ సింగ్ 35 పరుగులకే 6 వికెట్లు తీశాడు. ఇంగ్లండ్ 134కి కూలిపోయింది, మనకు 13 పరుగుల ఆధిక్యం కూడా వచ్చింది. రెండో ఇన్నింగ్స్‌లో 93కి పడిపోయి ఓడాం. ఆ రోజు అమర్‌నాథ్ ఉంటే అన్న ప్రశ్న అబ్బా ఇప్పటికీ వదలరు. ఆయన పుట్టకముందు జరిగిన మ్యాచ్ అది.

మరి కప్తాన్ సాబ్? మూడు టెస్టులు, ఆరు ఇన్నింగ్స్, మొత్తం 33 పరుగులు. సగటు 8.25. వికెట్లు లేవు. బౌలింగే చేయలేదు. ఆ మూడింటిలో రెండు ఓడాం, ఒకటి డ్రా. స్కోర్‌కార్డు మీద ఆయన పేరు ఉండదు, 'మహారాజ్‌కుమార్ ఆఫ్ విజయానగరం' అని మన ఊరి పేరే ఉంటుంది. ఆ జులైలోనే ఆయనకు 'సర్' ఖితాబ్ దక్కింది. ఎదుటి కప్తాన్‌కు బంగారు గడియారం తోఫా ఇస్తే మెత్తటి బంతులు వేయించేవాడని ఒక కిస్సా ఉంది.

బంగారు గడియారం ఇంకో కిస్సాలోనూ వస్తుంది. మాంచెస్టర్‌లో రెండో టెస్టు. ఓపెనర్లు విజయ్ మర్చంట్, సయ్యద్ ముష్తాక్ అలీ. ముష్తాక్‌కి అప్పుడు 21 ఏళ్లు. ఇండోర్ కుర్రాడు. మర్చంట్ అంటే కప్తాన్‌కి పడదు. అతన్ని రనౌట్ చేయించు, గడియారం ఇస్తానని ముష్తాక్‌కి చెప్పారట. ముష్తాక్ నేరుగా వెళ్లి మర్చంట్‌కే ఆ మాట చెప్పేశాడట, ఇద్దరూ నవ్వుకున్నారట. ఆ తర్వాత జరిగింది మాత్రం కిస్సా కాదు. జులై 28కి వాళ్ల జోడీ 203 పరుగులు పూర్తి చేసింది. ముష్తాక్ 112, మర్చంట్ 114. పరదేశపు గడ్డ మీద ఇండియాకు తొలి టెస్టు సెంచరీ ముష్తాక్ అలీది.

"రావీ ఎవరు?" అన్నారు అబ్బా. ఏ కిస్సా చెప్పినా ఆయన అడిగేది అదే. ఎవరు చూశారు, ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు? హదీసు విద్య పుణ్యమా అని మనకు అబ్బిన మంచి ఆదత్ ఇది, క్రికెట్‌కీ పనికొస్తుంది. గడియారానికి గవాహ్ లేడు. 203కి ఉన్నాడు, స్కోర్‌బుక్.

ఇంకో కిస్సా దగ్గరే అసలు బహస్ రాజుకుంది. మూడో టెస్టు, ఓవల్. టీమ్‌లో ఒక జాగా ఖాళీ. పంజాబ్ కుర్రాడు బకా జీలానీకి అది దక్కింది. ఎలా దక్కింది? నాష్తా బల్ల దగ్గర అందరి ముందూ సి.కె. నాయుణ్ణి తౌహీన్ చేసినందుకు కప్తాన్ సాబ్ ఇచ్చిన ఇనామ్ అంటారు. నాయుడికి అప్పటికి 40 ఏళ్లు. కుర్రాడికి 25.

ఇది వినగానే అమ్మీ వంటింట్లోంచి వచ్చేసింది. "దస్తర్‌ఖాన్ దగ్గరా? పెద్దమనిషినా?" అంది. ఆటలో గెలుపోటములు ఆవిడకు పట్టవు. అన్నం దగ్గర పెద్దవాళ్లను మాట అనడం మాత్రం అమ్మీ కోర్టులో మాఫీ లేని నేరం.

"పైవాడు అడిగితే ఆ వయసులో ఎవరైనా కాదనగలరా?" అన్నారు చాచా. "ముష్తాక్ కాదనలేదా?" అన్నారు అబ్బా. "ముష్తాక్ జట్టులో ఉన్నాడు భాయిజాన్. జీలానీ బయట ఉన్నాడు. లోపల ఉన్నవాడు నవ్వి ఊరుకోగలడు. బయట ఉన్నవాడికి ఆ వెసులుబాటు ఎక్కడిది?"

ఆ మాటకు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మన పిల్లల్లో సెలక్షన్ గేటు దగ్గర నిలబడి తిరిగొచ్చినవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరున్నారు. మా ఇంట్లోనూ ఉన్నాడు, ఆ రోజు అక్కడే కూర్చుని ఉన్నాడు.

నాకు మాత్రం జీలానీ గురించి ఇంకో బాధ. ఆయన ఖాళీ మనిషి కాదు. 1934-35లో రంజీ ట్రోఫీ మొదలైన ఏడే, ఆ పోటీలో మొట్టమొదటి హ్యాట్రిక్ తీసింది బకా జీలానీయే. ఆ హునర్ మీదే ఓవల్‌లో ఆడి ఉండొచ్చు. కానీ దర్బార్ పెట్టి ఆట నడిపితే ఇదే జరుగుతుంది. హక్ ఉన్నవాడికి దక్కినదాన్ని కూడా ఇనామ్ అనుకుంటారు. నాష్తా కిస్సా నిజమో అబద్ధమో గానీ, అది అందరూ నమ్మేటట్టు చేసింది కప్తాన్ పద్ధతే. ఆ టెస్టులో జీలానీకి వికెట్ ఒక్కటీ రాలేదు. అదే ఆయన మొదటి టెస్టు, ఆఖరి టెస్టు. 1941లో, 30 నిండకుండానే ఇంతకాల్ అయ్యారు. తౌహీన్ భరించాడని చెప్పే నాయుడు మాత్రం ఆ మ్యాచ్ రెండో ఇన్నింగ్స్‌లో, ఒంటికి దెబ్బ తగిలాక కూడా నిలబడి 81 కొట్టాడు. అదే మ్యాచ్‌లో మహమ్మద్ నిసార్ 5 వికెట్లు తీశాడు. అయినా ఓడాం.

ఇంటికొచ్చాక బంబాయి చీఫ్ జస్టిస్ జాన్ బోమాంట్ కమిటీ విచారణ చేసింది. 1937 జనవరిలో ఫైసలా. అమర్‌నాథ్ బేకసూర్. కప్తాన్‌కి ఫీల్డింగ్ పెట్టడం తెలియదు, బౌలర్లను మార్చడం తెలియదు, బ్యాటింగ్ వరుస నిలకడగా ఉంచలేదు. ఇది దస్తావేజు, అబ్బా రావీ అడగక్కర్లేదు.

అక్కడితో కథ ఖతం కావాలి కదా? కాలేదు. టెస్టు ఆట ముగిసింది, కుర్సీ మొదలైంది. 1954లో అదే బోర్డుకు ప్రెసిడెంట్ అయ్యారు. 1958లో పద్మభూషణ్. 1959లో ఇంగ్లండ్‌లో బీబీసీ మైకు ముందు. 1960లో విశాఖపట్నం నుంచి లోక్‌సభ. రేడియో కామెంటరీ కూడా చెప్పేవారు. పులుల వేట గురించి ఆయన గొప్పలు చెప్తుంటే, ట్రాన్సిస్టర్‌లో మీ కామెంటరీ పెట్టి పులుల్ని విసిగించి చంపారేమో అనుకున్నానని రోహన్ కన్హాయ్ అన్నాడట. 1965 డిసెంబర్ 2న బెనారస్‌లో కన్నుమూసేదాకా క్రికెట్ ఆయన్ని వదల్లేదు, ఆయన క్రికెట్‌నీ వదల్లేదు. 1926 నుంచి లెక్కేస్తే దాదాపు 40 ఏళ్లు. బెర్గెన్ 11 ఏళ్లు దీని ముందు ఏపాటి?

చాచా చివరి పత్తా వేశారు. 1952లో పాకిస్తాన్ మొదటిసారి మన దేశానికి వచ్చినప్పుడు ఇండియా కప్తాన్ అమర్‌నాథ్. ఆయన్ని మళ్లీ ఆ కుర్సీలో కూర్చోబెట్టడంలో విజ్జీ చేయి ఉందని చెబుతారు. తర్వాత 1956-57లో ఉత్తరప్రదేశ్ రంజీ జట్టుకు కప్తాన్‌గా వచ్చింది ఎవరనుకున్నారు? అరవై దాటిన సి.కె. నాయుడు. ఉత్తరప్రదేశ్ క్రికెట్ అంటే అప్పట్లో విజ్జీ ఇలాకా. "మాఫీ అడిగే తరీకా అది. నోటితో అడగలేకపోయారు" అన్నారు చాచా. అబ్బా తల ఊపారు. ఒప్పుకున్నట్టో, చాయ్ రాలేదని గుర్తు చేసినట్టో నాకు అర్థం కాలేదు.

భతీజా మళ్లీ ఫోన్ తీశాడు. యూనివర్సిటీ జట్లకు విజ్జీ ట్రోఫీ ఉంది. కుర్రాళ్లకు సి.కె. నాయుడు ట్రోఫీ. ట్వంటీ20కి సయ్యద్ ముష్తాక్ అలీ ట్రోఫీ. అమర్‌నాథ్ పేరుతో బోర్డు అవార్డు.

"దాదా, జీలానీ పేరుతో?" అని అడిగాడు.

"వెతుకు" అన్నారు అబ్బా. వాడు అసర్ అజాన్ దాకా వెతుకుతూనే ఉన్నాడు.