లేజర్ చికిత్స - పంటి అతుకు

పుచ్చిన పంటిని లేజర్‌తో తొలిచాక పెట్టే రెసిన్ ఫిల్లింగ్ ఎంత గట్టిగా అతుక్కుంటుందన్నది దంతవైద్యంలో కీలకమైన అధ్యయనాంశం.

ఈ అతుకు విద్యకు 1955లో అమెరికా దంతవైద్యుడు మైకేల్ బ్యూనోకోర్ బాట వేశారు. ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తే పంటి పైపొర అయిన ఎనామెల్ గరుకెక్కి రెసిన్‌ను బాగా పట్టుకుంటుందని చూపారు. ఐదేళ్లకే, 1960లో, శాస్త్రవేత్త థియొడోర్ మైమన్ తొలి లేజర్‌ను పనిచేయించారు.

పంటిని తొలచడానికి లేజర్లలో ఎక్కువగా వాడేది 2,940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎర్బియం-యాగ్ లేజర్. దీని శక్తిని పంటిలోని నీరు పీల్చుకుని ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆ పీడనానికి పంటి రేణువులు పేలి ఎగిరిపోతాయి. డ్రిల్ వదిలే పొడి పూత ఇక్కడ మిగలదు. ఎనామెల్ కింది పొర అయిన డెంటిన్‌లోని సన్నని నాళికలు తెరుచుకునే ఉంటాయి.

పైకి ఇది అతుకుకు అనుకూలమే. అసలు చిక్కు లోపలి పొరలో ఉంది.

వేడికి డెంటిన్‌లోని కొల్లాజెన్ పోగులు దెబ్బతిని ఒకదానికొకటి అంటుకుపోతాయి. రెసిన్ చొరబడే సందు తగ్గుతుంది. ఎనామెల్‌లో సూక్ష్మమైన పగుళ్లు రావచ్చు. అనేక ప్రయోగశాల పరీక్షల్లో లేజర్ తగిలిన డెంటిన్‌పై అతుకు బలం తగ్గింది, మరికొన్నింటిలో డ్రిల్‌తో సమానంగా నిలిచింది. కిరణశక్తి, నీటి తుంపర, జిగురు రకాన్ని బట్టి ఈ ఫలితం మారుతుంది.

అందువల్ల చివరి విడతలో శక్తిని తగ్గించి ఉపరితలాన్ని సరిచేయడం, ఎనామెల్‌కు లేజర్ తర్వాత కూడా ఆమ్లం పూయడం మేలైన పద్ధతులు.