పెనుకొండలో పుట్టిన తొలి కారు.. సెల్టోస్ లోపల ఏముంది?

ఒకవైపు లేపాక్షిని ఆనుకుని ఉన్న హిందూపురం. మరోవైపు పట్టుచీరల ధర్మవరం. మధ్యలో విజయనగర రాజుల రాజధానిగా వెలిగిన పెనుకొండ. కరవు పేరు చెబితే ముందుగా గుర్తొచ్చే ఈ ప్రాంతం ఇప్పుడు కార్లకు అడ్రస్‌గా మారింది.

కొరియా కంపెనీ కియా 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో ప్లాంట్ కట్టారు. ఏడాదికి 3 లక్షల కార్లు తయారు చేసే సామర్థ్యం దీనిది. ఇంత పెద్ద ఫ్యాక్టరీకి నీళ్లెక్కడివి? హంద్రీ-నీవా ద్వారా గొల్లపల్లి రిజర్వాయర్‌కు చేరిన కృష్ణా జలాలే ఆధారం.

2019 ఆగస్టులో ఇక్కడి నుంచి మార్కెట్లోకి వచ్చిన తొలి మోడల్ సెల్టోస్. అప్పట్లో దాని పొడవు 4,315 మిల్లీమీటర్లు, వెడల్పు 1,800. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం అప్పుడు 2,610 మిల్లీమీటర్లు. ముందు చక్రాలకే ఇంజిన్ శక్తి అందుతుంది.

మొదట్లో మూడు ఇంజిన్లు ఇచ్చారు. 1.5 లీటర్ పెట్రోల్, 1.5 లీటర్ డీజిల్.. రెండింటి శక్తీ 115 పీఎస్. కానీ లాగే బలం వేరు. పెట్రోల్‌కు 144 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంటే, డీజిల్‌కు 250. డీజిల్ ఇంజిన్‌లోని టర్బోలో రెక్కల కోణం వేగాన్ని బట్టి మారుతుంది. అందుకే తక్కువ వేగంలోనూ బండి బాగా లాగుతుంది. మూడోది 140 పీఎస్ శక్తి ఉన్న 1.4 లీటర్ టర్బో పెట్రోల్. దీన్ని తర్వాత ఆపేశారు.

వెనుక రెండు చక్రాలనూ కలుపుతూ ఒకే అడ్డదూలం, అంటే టార్షన్ బీమ్ ఉంటుంది. దీంతో ఖర్చు తగ్గుతుంది, డిక్కీలో చోటు మిగులుతుంది. అయితే గుంతల రోడ్డుపై ఒక చక్రం అదిరితే రెండో దానికీ ఆ కుదుపు తెలుస్తుంది.

అసలు పరీక్ష 2020లో ఎదురైంది. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్ట్‌లో పెద్దల భద్రతకు 3 స్టార్లు, పిల్లల భద్రతకు 2 స్టార్లే వచ్చాయి. పరీక్షించిన కారులో ఉన్నవి రెండు ఎయిర్‌బ్యాగులే. 2022లో అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరిగా ఇవ్వడం మొదలైంది.

2023 జులైలో ఈ ప్లాంట్ 10 లక్షల కార్ల మైలురాయి దాటింది. విశేషం ఏంటంటే, ఆ పది లక్షలో కారు కూడా సెల్టోసే!