మద్రాసులో చదివిన సుబ్బారావు, కణంలోని సిగ్నళ్ళు



మన పెద్దవాళ్ళలో కొందరు కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ అనే మాత్ర వారానికోసారి వేసుకుంటున్నారు. ఆ మాత్ర వెనక మన తెలుగాయన ఒకరున్నారు, యల్లాప్రగడ సుబ్బారావు గారు. మేము చదివిన తమిళ సైన్సు పుస్తకాల్లో ఆయన పేరు కనబడలేదు. అందుకే మన పిల్లల కోసం ఈ నాలుగు మాటలు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మన తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, మద్రాసు మెడికల్ కాలేజీ. ఖద్దరు కట్టినందుకు పై అధికారికి కోపం వచ్చి ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. దానితోనే అమెరికా వెళ్ళి హార్వర్డులో చేరారు.

ఇప్పుడు కణం సంగతి. మన ఒంట్లో ఒక్కొక్క కణంలో ఒకేసారి వేల పనులు జరుగుతుంటాయి. ప్రతి పనికీ ఒక ఎంజైమ్ ఉంటుంది. ఎంజైములు దాదాపు అన్నీ ప్రొటీన్లే. పనిని వేగంగా జరిపిస్తాయి, తాము ఖర్చు కావు. అయితే జంక్షన్లో బండ్లన్నీ ఒకేసారి వదిలితే ఏమౌతుందో రైల్వేలో పనిచేసిన మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. కణానికీ సిగ్నళ్ళు కావాలి.

ఆ సిగ్నళ్ళకు కావలసిన సరుకు సుబ్బారావు గారి చేతిలోనే బయటపడింది. ఫిస్క్ అనే ప్రొఫెసరుతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏ.టి.పి.ని చూపించారు. అదే 1929లో జర్మనీలో లోమన్ కూడా ఏ.టి.పి.ని కనుక్కున్నారు. ఏ.టి.పి. కణానికి ఇంధనం. అంతే కాదు, దానిలోని ఫాస్ఫేటు ముక్కను తెచ్చి తగిలిస్తే కొన్ని ఎంజైములు పని మొదలుపెడతాయి, కొన్ని ఆపేస్తాయి. ముక్క తీసేస్తే మళ్ళీ మొదటికొస్తాయి. దీన్ని 1950లలో తేల్చిన క్రెబ్స్, ఫిషర్‌లకు 1992లో నోబెల్ వచ్చింది.

1940లో ఆయన లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. పాలకూరలాంటి ఆకుల్లో ఉండే విటమిన్ అది. కణం రెండుగా చీలాలంటే అది కావాలి. బోస్టన్‌లో పిల్లల డాక్టరు ఫార్బర్ ఇంకోవైపు నుంచి ఆలోచించారు: రక్త కాన్సరు కణాలకు ఆ విటమిన్ అందకుండా చేస్తే? లెడర్లీ వాళ్ళు అమినోప్టెరిన్ చేసి ఇచ్చారు. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి కొంతకాలం వ్యాధి తగ్గింది. 1948 జూన్‌లో ఆ వార్త అచ్చయింది. అంతకుముందు ఆ జబ్బుకు మందే లేదు.

ఈ మందు ఎలా పనిచేస్తుంది? సింగిల్ లైన్లో టోకెన్ లేనిదే బండి కదలదు. మిషన్లో అదే ఆకారం గల నకిలీ టోకెన్ ఇరుక్కుంటే అసలుది బయటికి రాదు. అమినోప్టెరిన్ చూడడానికి ఫోలిక్ యాసిడ్ లాగే ఉంటుంది. ఆ విటమిన్‌ని వాడకానికి సిద్ధం చేసే ఎంజైములో పోయి గట్టిగా కూర్చుంటుంది. కణం చీలడం ఆగిపోతుంది. అది ఏ ఎంజైమో తేలింది 1950ల చివర్లో. అప్పటికి సుబ్బారావు గారు లేరు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే పోయారు.

మెథోట్రెక్సేట్ ఈ అమినోప్టెరిన్‌కి తమ్ముడు. అందుకే ఒక మాట గట్టిగా చెప్పాలి. కీళ్ళవాతానికి దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోట్లో, పేగుల్లో, ఎముకల మూలుగలో త్వరగా చీలే మంచి కణాలు కూడా ఆగిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. నోట్లో పుండ్లు వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. దీనితోపాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర రాసిచ్చి ఉంటే అది మానకండి. చదవడం రాని అవ్వ, తాతలుంటే ఆ వారాన్ని కాలెండరులో మీరే గుర్తుపెట్టండి.

పరీక్ష తప్పి మూల కూర్చున్న పిల్లవాడు మీ ఇంట్లో ఉంటే, మూడోసారి గట్టెక్కిన ఈయన కథ కూడా చెప్పండి.