అశ్వసామర్థ్యం

అశ్వసామర్థ్యం యంత్రాల సామర్థ్యాన్ని కొలిచే ప్రమాణం. వాడుకలో హార్స్‌పవర్, హెచ్‌పీ. బోరుకు ఐదు హెచ్‌పీ మోటారు కావాలని రైతు అడిగేది ఈ లెక్కలోనే. ఒక హెచ్‌పీ దాదాపు 746 వాట్లు. వస్తువును కదిలించే బలాన్ని, ఆ బలం దిశలో దాని వేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది.

బలంలో కలిసొచ్చింది వేగంలో పోతుందన్న సంగతి పాతదే. మీటలు, కప్పీల గురించి రాస్తూ 1600 ప్రాంతంలోనే గెలీలియో దీన్ని వివరించాడు. కానీ ఆ రెండింటి లబ్ధానికి ఒక ప్రమాణం కావలసి వచ్చింది మాత్రం శాస్త్రానికి కాదు, బేరానికి.

జేమ్స్ వాట్, మాథ్యూ బౌల్టన్ తమ ఆవిరి యంత్రాలకు మొదట్లో విచిత్రమైన రుసుము వసూలు చేసేవారు. గనుల్లో నీళ్లు తోడే పాత న్యూకోమెన్ యంత్రంతో పోలిస్తే ఎంత బొగ్గు మిగిలిందో చూసి, ఆ విలువలో మూడో వంతు అడిగేవారు. గుర్రాలతో నడిచే మిల్లుల దగ్గర ఈ పద్ధతి చెల్లలేదు. అక్కడ పాత యంత్రమే లేదు, ఇక మిగలడానికి బొగ్గెక్కడిది? అందుకే వాట్ గుర్రాన్నే కొలబద్దగా తీసుకున్నాడు. మిల్లు గుర్రం 180 పౌండ్ల బలంతో లాగుతూ నిమిషానికి 180 అడుగులు నడుస్తుందని 1782లో లెక్కగట్టాడు. లబ్ధం నిమిషానికి 32,400 అడుగు-పౌండ్లు. మరుసటి ఏడాది దాన్ని 33,000గా స్థిరపరిచారు.

నిజానికి గుర్రం విషయంలో ఎవరి లెక్క వారిదే. ఇంజనీరు జాన్ స్మీటన్ నిమిషానికి 22,916 అడుగు-పౌండ్లు అన్నాడు, శాస్త్రవేత్త డెసాగులియర్స్ ఏకంగా 44,000 అన్నాడు. వాట్ అంకె నిలబడటానికి కారణం దాని కచ్చితత్వం కన్నా అతని యంత్రాలు అమ్ముడుపోవడమే అనుకోవాలి. 1785లో లండన్‌లోని విట్‌బ్రెడ్ బీరు కర్మాగారం కొన్న వాట్ యంత్రం ఇప్పుడు సిడ్నీ మ్యూజియం సొత్తు. ఇక కొద్ది క్షణాలపాటైతే గుర్రం దాదాపు 15 హెచ్‌పీ చూపగలదని 1993లో ‘నేచర్’ పత్రికలో ఇద్దరు పరిశోధకులు లెక్క తేల్చారు.

తిరిగే ఇరుసు సామర్థ్యాన్ని నేరుగా కొలిచే బ్రేకును 1821లో ఫ్రాన్స్ ఇంజనీరు ప్రోనీ రూపొందించాడు. ఇరుసును బిగించి పట్టే చెక్కల మీద బలాన్ని తూకపు బరువులతో తూచి, నిమిషానికెన్ని చుట్లో లెక్కపెడితే చాలు. 1882లో విలియం సీమెన్స్ విద్యుత్ లెక్కలకు కొత్త ప్రమాణం ప్రతిపాదించి, దానికి వాట్ పేరే పెట్టాడు. గుర్రాన్ని పక్కకు నెట్టిన ప్రమాణానికి గుర్రాన్ని తెచ్చినవాడి పేరు!

బలానికీ వేగానికీ మధ్య బేరం చూడాలంటే భారతీయ రైల్వేల విద్యుత్ ఇంజన్లు చాలు. గూడ్సు లాగే డబ్ల్యూఏజీ-9 నుంచే ప్రయాణికుల రైళ్ల కోసం డబ్ల్యూఏపీ-7ను రూపొందించారు. రెండూ ఆరు వేల హెచ్‌పీకి పైబడినవే. ప్రధానంగా మారింది గేర్ల నిష్పత్తి. గూడ్సు ఇంజను బయలుదేరేటప్పుడు సుమారు 458 కిలోన్యూటన్ల బలంతో లాగుతుంది, గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. రెండోదాని బలం 323 కిలోన్యూటన్ల దగ్గరే ఆగుతుంది గానీ, అది 140 అందుకుంటుంది. సికింద్రాబాద్‌లోని లాలాగూడ షెడ్డు ఇంజన్లలో ఈ డబ్ల్యూఏపీ-7లూ ఉన్నాయి.